స్కూలు వ్యానులో మృత్యువు

మృత్యువుకు ఉద్యోగం ఊడింది. కారణం ఆలస్యం.

"వెళ్లమన్న చోటికి వెళ్లి తీసుకురావడమే కదయ్యా నీ పని! నడుమ ఈ కబుర్లేమిటి?" అని పైఅధికారి చిర్రుబుర్రులాడాడు.

"ఆవిడ స్నానం మధ్యలో ఉన్నారండీ. తల తుడుచుకుని రమ్మన్నాను."

అధికారి తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రానికల్లా మృత్యువు మామూలు మనిషిలా రోడ్డున పడ్డాడు. మనిషన్నాక ఆకలేసింది, మోకాలు నొప్పెట్టింది. అద్దె గది వెతుక్కుని, నాలుగు చోట్ల పనడిగి, చివరికి స్కూలు వ్యాను నడిపే ఒకావిడ దగ్గర తేలాడు. పిల్లల్ని ఎక్కించి దించే మనిషి కావాలట ఆవిడకి.

"అనుభవముందా?"

"ఇంటింటికీ వెళ్లి మనుషుల్ని తీసుకెళ్లేవాణ్ణండీ."

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"తీసుకెళ్లాక ఎవరూ చెయ్యలేదండీ."

ఆవిడకి ఆ జవాబు నచ్చింది. మర్నాడే రమ్మంది.

పని కొత్తగా ఏమీ అనిపించలేదు. ఏ గంట నొక్కినా లోపల్నుంచి "ఒక్క నిమిషం!" అని కేక. రాజుల దగ్గరా బిచ్చగాళ్ల దగ్గరా విన్న మాటే అది. ఓపిగ్గా నిలబడేవాడు. పిల్లలు ఆయనకి పొడుగు మామయ్య అని పేరు పెట్టేశారు.

కొత్తగా తోచింది సాయంత్రమే. పొద్దున తీసుకెళ్లిన పిల్లాణ్ణి అదే గుమ్మంలో దించాడు. తల్లి వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. తీసుకెళ్లినవాళ్లని వెనక్కి తెచ్చివ్వడం ఆయన ఎరుగడు. నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోతే, వ్యానావిడ హారన్ మోగించి పిలవాల్సి వచ్చింది.

కొన్నాళ్లకి కొత్తగా చేరిన ఒక పాప ఇంటికి వెళ్లారు. పాప యూనిఫాం వేసుకుని, తలుపు గడియ పట్టుకుని వేలాడుతోంది. తల్లి బతిమాలి బతిమాలి అలిసిపోయింది.

"వాళ్ల తాతయ్య పోయిన దగ్గర్నుంచీ ఇదే తంతండీ. పాత స్కూలు మాన్పించి ఇందులో వేశాం. అయినా కదలదు," అంది. ఇంతలో లోపల కుక్కర్ కూతపెడితే పరుగెత్తింది.

మృత్యువు మోకాలు పట్టుకుంటూ మెట్టుమీద కూర్చున్నాడు. ఆ ఇల్లు ఆయనకి గుర్తే.

"నేను స్కూల్లో ఉన్నప్పుడే తాతయ్య పోయాడు," అంది పాప. "ఒక్కడే ఉన్నాడు."

"లేదమ్మా, పక్కన నేనున్నాను. అప్పట్లో నా ఉద్యోగం అదే."

పాప అనుమానంగా చూసింది. "భయపడ్డాడా?"

"కాస్త. చెప్పులు కావాలన్నాడు. చెప్పులతో పని లేదండీ అన్నా వినలేదు. మంచం కింద దూరి వెతికిచ్చాను. ఎడమది గోడవారకి పోయింది."

"ఎప్పుడూ అంతే!" అంది పాప. గడియ మీంచి ఒక చెయ్యి జారింది. "నా గురించి ఏమన్నా అన్నాడా?"

ఏదో తియ్యటి మాట చెప్పేయొచ్చు. మనసొప్పలేదు. "లంచ్ బాక్సు మళ్లీ మర్చిపోయి వెళ్లావని తిట్టాడు."

పాపకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముక్కు తుడుచుకుని అడిగింది: "అమ్మని కూడా తీసుకెళ్తావా?"

"ఆ పని నాది కాదిప్పుడు. ఎవరు చేస్తున్నారో, ఎప్పుడొస్తారో నాకూ తెలీదు. సాయంత్రం నిన్ను తెచ్చి ఇదే మెట్టుమీద దించడం మాత్రం నా పూచీ."

పాప చాలాసేపు ఆలోచించింది. బయట హారన్ ఆగకుండా మోగుతోంది. మృత్యువు లేవలేదు. చివరికి పాపే గడియ వదిలి, లంచ్ బాక్సు ఆయన చేతికిచ్చి, వ్యానెక్కింది.

ఆ రోజు స్కూలు గేటు దగ్గర వ్యానావిడకి చివాట్లు పడ్డాయి. మిగతా పిల్లలంతా దిగాక ఆవిడ ఆయనకేసి తిరిగింది. మళ్లీ ఉద్యోగం ఊడినట్టేనని మృత్యువు సిద్ధపడ్డాడు.

"రేపట్నుంచి ముందు ఆ పాపింటికే వెళ్దాం," అందావిడ. "అక్కడ మీకు టైం పట్టేలా ఉంది."

"అలాగేనండీ," అన్నాడు, కదలకుండానే. దారిలో కునుకుపట్టిన పాప ఇంకా ఆయన భుజం మీదే నిద్రపోతోంది. తన మీద వాలి కళ్లు మూసినవాళ్లు తెరవడం ఆయన ఇంతవరకూ చూడలేదు. మెల్లగా తట్టాడు.

"అమ్మా, స్కూలొచ్చింది."

పాప కళ్లు నులుముకుంది. "ఒక్క నిమిషం," అని గొణిగి, ఇంకో పక్కకి తిరిగింది.