ఒప్పుకోలు వంతు

"గిన్నెలు తర్వాత తోముకోవచ్చు, ముందు వచ్చి మోకరించు. ఇవాళ నీకు ఒప్పుకోవలసింది చాలా ఉంది," ముందుగదిలోంచి మొగుడు కేకేశాడు.

చేతుల సబ్బు నురగ కొంగుకి తుడుచుకుంటూ, ఉందా, అనుకుందామె. ఎడమ చెంప ఇంకా సలుపుతూనే ఉంది. చొక్కాకి గుండీ ఊడిందని పొద్దున పెళ్ళాం చెంప పగలగొట్టిన మనిషి, సాయంత్రమయ్యేసరికి ఆమె పశ్చాత్తాపం కోసం బైబిలు తెరుచుకుని కూర్చున్నాడు. ఏం నిబ్బరమండీ! పైగా చర్చిలో సంఘపెద్ద.

ఆ ఇంట్లో రోజూ ఇదే వరస. ముందు కూతురు చిట్టి, తర్వాత ఆమె, ఆ తర్వాత అత్తగారు, చివర ఆయన. పైకి వినబడేలా, పేరు పెట్టి పాపం ఒప్పుకోవాలి. ఆమె మర్చిపోతే అత్తగారు అందిస్తుంది: "నిన్న నేను పిలిస్తే రెండోసారికి గానీ పలకలేదు, అదీ చెప్పు." ఆయన మాత్రం "మేమంతా పాపులం ప్రభువా" అని ఇంటిల్లిపాదినీ ఒక్క మూటలో కట్టేసి ఆమెన్ అనేస్తాడు. ఆ మూటలో తన పాపం ఏదో ఇన్నేళ్ళలో ఒక్కనాడూ విప్పి చూపలేదు.

దేవుడంటే ఆమెకి కోపమేమీ లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన మోకరించి, దొంగతనంగా చక్కెర తిన్నానని చెప్పుకున్న రోజు ఒళ్ళు దూదిపింజలా తేలిపోయింది. ఇక్కడ రోజూ లేచేటప్పుడు మోకాళ్ళకంటే మనసే బరువు. ఇంతా చేసి, ఇక్కడ ఒప్పుకున్నది ఇక్కడే ఉంటుందా? ఆదివారానికల్లా సంఘమంతా తెలుస్తుంది. "నా భార్య గర్వం కోసం ప్రార్థించండి" అని ఆయనే కళ్ళొత్తుకుంటూ చెప్పేస్తాడు. ఆమె బట్టలు కుట్టే కంపెనీలో సూపర్‌వైజరమ్మదీ అదే సంఘం. మొన్న కొత్తవాళ్ళకి పని నేర్పే ఉద్యోగం ఖాళీ అయితే తనకిమ్మని అడిగింది. ఆవిడ "ముందు నీ పొగరు తగ్గనీమ్మా, మీ ఆయనే అంత బాధపడుతున్నాడు" అని ఎంత ప్రేమగా అందో! ఒళ్ళు మండిపోయింది. ఆ మంటని కూడా ఆ సాయంత్రమే పాపంగా ఒప్పుకుంది, పిచ్చిది.

ఇవాళా నలుగురూ మోకరించారు. చిట్టి చేతులు జోడించింది. రెండో తరగతి పిల్ల, గొంతు అచ్చం తల్లిదే, ఆ వణుకుతో సహా.

"ప్రభువా, నాన్న చొక్కా గుండీ ఊడిందని నాకు ముందే తెలుసు. అమ్మకి చెప్పడం మర్చిపోయాను. అందుకే నాన్న అమ్మని కొట్టాడు. తప్పంతా నాదే. నన్ను క్షమించు."

"ఆమెన్!" అన్నాడాయన, కళ్ళొత్తుకుంటూ. "విన్నావా? పసిపిల్లకున్న తగ్గింపు, ఆ వినయం నీకు లేదు."

"బంగారుతల్లి," అంది అత్తగారు.

ఆమె కళ్ళు తెరిచి చిట్టి వైపు చూసింది. తను తిన్న దెబ్బని కూతురు తన తప్పుగా మోస్తోంది! ఎవరు నేర్పారు? వేరే ఎవరో ఎందుకు, తనే. రోజూ సాయంత్రం, పక్కన మోకరించి, దగ్గరుండి నేర్పింది.

"నీ వంతు, కానీ," అన్నాడు మొగుడు.

"ప్రభువా," అందామె. గొంతు వణకలేదు. "రోజూ నీతో అబద్ధమాడాను. ఈయన తప్పుల్ని నావని ఒప్పుకున్నాను. దానికి తగ్గింపని పేరు పెట్టుకున్నాను గానీ అది ఉత్త భయం. నన్ను చూసి నా బిడ్డ కూడా నేర్చుకుంది. ఇదొక్కటే నా పాపం. క్షమించు. ఇక చెయ్యను."

"ఓసి నీ నోరు పడిపోను! ఇదేం ప్రార్థనే?" అంది అత్తగారు.

ఆమె అటు చూడలేదు. చిట్టి జోడించిన చేతుల్ని విడదీసి పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వే తప్పూ చెయ్యలేదమ్మా. కొట్టినవాళ్ళదే తప్పు." అప్పుడు మొగుడి వైపు తిరిగింది. "ఇక మీరు చెప్పండి. అందరినీ కలపకండి. పొద్దున మీరేం చేశారో, అది చెప్పండి."

ఆయన మొహం కందగడ్డయింది. "ముందు అందరూ కళ్ళు మూసుకోండి," అన్నాడు.

అత్తగారు గబుక్కున మూసుకుంది. చిట్టి మాత్రం మూసుకోలేదు. తల్లి మొహంలోకి చూసింది, తర్వాత తండ్రి మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది.