నీళ్లు పోయని పద్దెనిమిది రోజులు

మొదటిసారి గాజుగదిలో పెంచే ఓ మొక్క ఆకుల్లోంచి తీసిన పదార్థం వేస్తే, గాజుగిన్నెలోని రొమ్ము క్యాన్సర్ కణాలు టపటపా రాలిపోయాయి. ల్యాబంతా ఒకటే కేరింతలు! రెండోసారి వేస్తే ఒక్కటీ చావలేదు. మూడోసారీ అంతే. "నెలాఖరులోగా మళ్లీ చూపించు. లేదంటే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం," అని పెద్ద మేడం తేల్చేసింది. ఇంకా పాతిక రోజులే ఉన్నాయి. మూడేళ్ల చాకిరీ గంగపాలయ్యేలా ఉంది.

పరిశోధకురాలికి ఏమీ పాలుపోలేదు. ఎప్పుడూ ఎండిన పొడిగానే తన చేతికొచ్చే ఆకులను ఈసారి మొక్క మీదే చూద్దామని గాజుగదిలోకి వెళ్లింది. మొక్కలేమో పచ్చగా నిగనిగలాడుతున్నాయి. నీళ్లు పడుతున్న తోటమాలి ఆమె మొహం చూసి పైపు కట్టేశాడు.

"నీ మొక్కలు నా కొంప ముంచాయి బాబాయ్! మొదటి కోతలో ఉన్న గుణం ఇప్పుడేమైంది?"

ఆయన నీళ్లు నమిలాడు. "నన్ను పనిలోంచి తీసేయించవు కదా అమ్మాయ్?"

"ముందు చెప్పు!"

"అప్పుడు మీ పిన్నికి రొమ్ములో గడ్డని ఆపరేషన్ చేశారు. పొద్దున్నే ఇక్కడ సంతకం పెట్టడం, ఆసుపత్రికి పరిగెత్తడం. పద్దెనిమిది రోజులు ఒక్క చుక్క పోస్తే ఒట్టు. రిజిస్టర్లో మాత్రం పోశానని రాశా. వాడిపోయిన ఆ ఆకులే కోసి, ఎండబెట్టి పంపేశా."

ఆమెకు ఒక్కసారిగా వెలిగింది. దాహంతో అల్లాడే మొక్క తనను తాను కాపాడుకోవడానికి ఆకుల్లో చేదు దట్టించుకుంటుంది. ఆ చేదే కదా తనకు కావలసింది!

"నీకు దండం పెడతా బాబాయ్, ఇక ఆ పైపు ముట్టుకోకు!"

"అయ్యో, చచ్చిపోతాయమ్మా!"

మళ్లీ పద్దెనిమిది రోజులు పాపం ఆయన మొక్కల మొహం చూడలేక, వాటికి వీపు తిప్పుకునే తిరిగాడు.

నెలాఖరు రోజు, ఆ వాడిన ఆకుల పదార్థం వేసిన గిన్నెను మైక్రోస్కోపులో చూస్తే క్యాన్సర్ కణాలు ముడుచుకుపోయి ఉన్నాయి. పక్క గిన్నెలో మామూలు కణాలు నిక్షేపంలా ఉన్నాయి. పెద్ద మేడం రెండుసార్లు చూసి, "కానివ్వు, ఆపేది లేదు!" అంది. పరిశోధకురాలు మెట్లు రెండేసి దూకుతూ గాజుగదికి పరుగెత్తింది.

"పనిచేసింది బాబాయ్! అబ్బ, పనిచేసింది!"

"అయితే మందు దొరికినట్టేనా? మీ పిన్నికి..."

ఆయన కళ్లలో ఆశ ఆమెకు కనబడుతూనే ఉంది. అయినా అబద్ధం చెప్పలేదు. "ఇది ఇంకా గిన్నెలోనే బాబాయ్. మనిషి దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది. రాకపోనూ వచ్చు. డాక్టరిచ్చిన మందులు మాత్రం పిన్నిని మాననివ్వకు."

తోటమాలి పక్కనున్న రిజిస్టరును దగ్గరికి లాక్కున్నాడు.

"మా మనవరాలికి ఇంకా ఆరేళ్లే," అన్నాడు. "నీ మందు రావడానికి బోలెడు టైముంది. ఏదీ, ఆ పెన్ను ఇలా ఇవ్వు."

రిజిస్టరు తెరిచి, పాత పద్దెనిమిది రోజుల దగ్గరా 'పోశాను' కొట్టేసి, 'పోయలేదు' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు.