ఎనిమిది బెజ్జాలు

"శనివారానికి బండి ఇస్తానని మా తమ్ముడు మాటిచ్చేశాక ఇంకా మీ నసేంటి?" భార్య కుమారి మూడోసారి అడిగి, ఉప్మా గిన్నె చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టింది.

వరహాలబాబు తలెత్తలేదు. నిన్నటి నుంచి ఇదే గొడవ. జీపు పాతికేళ్లది. కింది ఛాసీ తుప్పు గీకి, చెడిన చోట కోసి కొత్త రేకు అతికి, తుప్పు పట్టకుండా రెడాక్సైడు కొట్టి, బోలు పట్టెల లోపలికి నూనె పట్టించాలంటే పది రోజులని అతని మాట. రెండు పూటల్లో నల్లరంగు కొట్టి పారేయమని షెడ్డు యజమాని అయిన బావమరిది పైడిబాబు మాట. ఆ బండిని పైడిబాబు దగ్గర కొన్నది అల్లుడు సత్యదేవ్. శనివారం కూతురు సుధని ఎక్కించుకుని అనంతగిరి కొండలెక్కాలని అతని ముచ్చట.

"మీకు తుప్పు తప్ప ఇంకోటి కనపడదు. తుని నుంచి వచ్చిన్నాడు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు."

"లావెక్కితే బండి కిందకి ఎవడు దూరతాడు?" అని అతను చెయ్యి కడుక్కున్నాడు.

సికింద్రాబాదు కార్ఖానా పేటలో ఆ షెడ్డుకి ఆర్నెల్లు చూసిపోదామని వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ముంజేతుల నిండా వెల్డింగు రవ్వలు కాల్చిన మచ్చలు, ఆవాలు చల్లినట్టు. గోళ్ల సందుల్లో వాసన పోదని పెళ్లిళ్లలో అతన్ని చివరి బంతిలో కూర్చోబెడతారు. అతనికీ వాళ్ల మీద గౌరవమేమీ లేదు. షెడ్డుకొచ్చే షోకిలాల మీద అంతకన్నా లేదు. పర్వతం బొమ్మ అంటించుకుని ప్యారడైజ్ సిగ్నలు దాటని బళ్లు, నాలుగు దీపాలు బిగించుకున్న బంపర్లు. ఆయిల్ ఎప్పుడు మార్చావని అడిగితే ఫోనులో వెతుక్కునే మగాళ్లు.

షెడ్డుకి వెళ్లి, గోనెపట్టా పరుచుకుని జీపు కిందకి దూరాడు. చిన్న సుత్తితో పట్టె పొడవునా కొట్టుకుంటూ పోయాడు. మంచి ఇనుము ఖణేలుమంటుంది. ఎడమ పట్టె ముందు భాగం తడి గోడలా మొద్దుగా పలికింది. నీళ్ల బెజ్జాల కోసం వేలితో తడిమాడు. పట్టెకి నాలుగు చొప్పున ఎనిమిది ఉండాలి. ఒక్కటీ లేదు. అన్నీ వెల్డింగు పెట్టి, నున్నగా అరగదీసి ఉన్నాయి.

"ఇవెవరు మూశారు?"

"నేనే బావా," పైడిబాబు పైనుంచి గర్వంగా అన్నాడు. "పోయిన వానల ముందు. తుప్పుకి బెజ్జాలు పడిపోయుంటే నా చేత్తో నీటుగా మూసి నల్లరంగు కొట్టాను."

"అవి తుప్పుకి పడ్డవి కావు. లోపల చేరిన నీళ్లు పోడానికి కంపెనీవాడు పెట్టినవి."

"చెప్పొచ్చాడు పెద్ద ఇంజినీరు."

వరహాలబాబు ఒకదాన్ని డ్రిల్లుతో తెరిచాడు. డికాషన్ లాంటి నీళ్లు అతని ఛాతీ మీద పడ్డాయి, చాలాసేపటికి గాని ఆగలేదు. ముందు స్ప్రింగు పట్టుకునే చోట స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే మెత్తబడిన అప్పడంలోకి దిగినట్టు పిడి దాకా దిగింది.

మధ్యాహ్నం సత్యదేవ్ బేగంపేట ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు.

"మామయ్యా, బ్లాక్ జెర షైనింగ్ రావాలి. కిందనుంచి ఫొటో తీస్తే సుత మెరవాలి."

"ఇది చూడండి బాబూ," వరహాలబాబు దిగబడి ఉన్న స్క్రూడ్రైవరు చూపించాడు. "ఘాట్‌లో ఇక్కడ స్ప్రింగు ఊడిందంటే బండి పక్కకి పడిపోద్ది. అమ్మాయి ఉంటాది అందులో."

అల్లుడు పైడిబాబు వైపు చూసి నవ్వాడు. "మామయ్య ఉత్తగనే పరేషాన్ అయితరు."

"మా బావ తీరే అంత. పుట్టీ మెత్తి, పైన రేకు అంటించేస్తే అయిపోద్ది. రేపు సాయంత్రానికి బండి మీ గుమ్మంలో ఉంటది. పదండి, బిర్యానీ తిందాం."

ఇద్దరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి. వాళ్లని చూస్తే అతనికి రోత పుట్టింది. కాని పుట్టీ మెత్తమన్నవాడు పైడిబాబైతే, మెత్తిన చెయ్యి తనది. ఇరవై ఆరేళ్లలో ఎన్ని కుళ్లిన పట్టెలకి నల్లరంగు కొట్టి పంపాడో. అవి ఎవరి కూతుళ్లని ఎక్కించుకుని ఏ కొండలెక్కాయో ఒక్కనాడూ అడగలేదు. ఆ రోతంతా తన మీదికే తిరిగింది.

వాళ్లు వెళ్లాక ఇనుము కోసే గ్యాస్ కట్టరు వెలిగించాడు. ఎడమ పట్టెని రెండు చోట్ల కోసి ముక్క ఊడదీశాడు. కుడి పట్టె కూడా అలాగే కోసేశాడు. ఇక దానికి పుట్టీ పెట్టి అమ్మగలిగినవాడు సికింద్రాబాదులో లేడు.

పొద్దుగూకాక అందరూ ఇంట్లోనే ఉన్నారు. శనివారం పులిహోర ఎంత కలపాలా అని కుమారి, సుధ లెక్కలు వేస్తున్నారు. సత్యదేవ్ పైడిబాబుకి ఫోనులో దారి చూపిస్తున్నాడు. వరహాలబాబు సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు.

"ఛాసీ కోసేశాను," అన్నాడు, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. "శనివారం బండి వెళ్లదు. రేపట్నుంచి నేనూ షెడ్డుకి రాను. రాంగోపాల్‌పేట్‌లో సదాశివ షెడ్డులో చేరతన్నాను."

అతను తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు. బల్ల మీద జానెడు ఇనుప పట్టె ముక్క ఉండిపోయింది. పైన పాత నల్లరంగు మెరుస్తోంది, లోపల్నుంచి ఎర్రటి పొడి కాగితం దాటి బల్ల మీది తెల్ల గుడ్డ పైకి ఇంకా రాలుతూనే ఉంది.