చుక్కల గీత

రేపల్లెలో ఇంటర్ క్లాసు. సుమయా మేడమ్ బోర్డు మీద గ్రాఫు గీసి, దాని అసమీకరణం రాయమంది. ఎస్తేరు లేచి, గీత కింద షేడింగు చూసి x + y ≤ 6 అని రాసింది.

"చుక్కల గీత కదమ్మా. సమానం గుర్తు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది మేడమ్.

నిండు గీత మీది బిందువులు లెక్కలోకి వస్తాయని, చుక్కల గీత మీదివి రావని ఎస్తేరుకు తెలియక కాదు. ఆ గుర్తు తీసేయడానికి చెయ్యి రాలేదు.

నిజాంపట్నంలో వాళ్ల నాన్న తోమాసుకు చిన్న ఫైబర్ పడవ ఉండేది. ఇరవై పెట్టెల బరువుకు లోపే ఎక్కించాలని పడవతో వచ్చిన కాగితంలో ఉంది. తోమాసుకు చదువు రాదు, బొమ్మయితే ఇట్టే పట్టేస్తాడు. అందుకని వేసవిలో ఎస్తేరు గ్రాఫు గీసిచ్చింది. అడ్డంగా చేపల పెట్టెలు, నిలువుగా మనుషులు, మనిషికి రెండు పెట్టెల బరువు. ఇరవైకి లోపే గనుక చుక్కల గీత గీసి, కింద రంగు నింపింది. తోమాసు మురిసిపోయి దాన్ని పడవ లోపల పెయింటుతో దించుకున్నాడు. కూతురి పెన్ను సరిగ్గా పడలేదనుకున్నాడో ఏమో, మధ్య ఖాళీలన్నీ పూడ్చి గీతను నిండుగా కలిపేశాడు. ఎస్తేరు చూసింది. పేటంతా పిలిచి చూపిస్తున్న మనిషిని ఒక్క పెట్టె తేడాకి చిన్నబుచ్చడమెందుకని ఊరుకుంది.

నెల కిందట, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల కొట్టి పడవ తిరగబడింది. తోమాసు ఒక్కడే పోయాడు. అయిదుగురు మనుషులు, పది పెట్టెలు అని బతికొచ్చిన డేనియల్ చెప్పాడు. ఆశకు పోయి గీత దాటి నింపాడని పేటలో నోటికొచ్చినట్టు అన్నారు. పోయినవాడు లేచి జవాబు చెప్పడని అంత ధైర్యం.

ఆ ఆదివారం నాన్న కోసం పెట్టిన ఆదరణ కూడికకు ఎస్తేరు బస్సెక్కి ఇంటికొచ్చింది. పందిట్లో జనం కూర్చుంటున్నారు. తల్లి సువార్తమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి, ఆ గ్రాఫు కాగితం చేతిలో పెట్టింది.

"చదివి చెప్పవే. మీ నాన్న గీత దాటాడా?"

ఎస్తేరు అడ్డంగా పది దాకా, నిలువుగా అయిదు దాకా వేలు జరిపింది. వేలు సరిగ్గా గీత మీద ఆగింది. అక్కడ ఆగకూడదు. ఆ సంగతి నాన్నకు అప్పుడే చెప్పాల్సింది తనే.

"దాటలేదమ్మా. గీత మీదే ఉన్నాడు. కానీ..."

సువార్తమ్మ అప్పటికే పందిట్లోకి వెళ్లిపోయింది. నెల తర్వాత మొదటిసారి తలెత్తి, "దాటలేదంట. నా కూతురు చదివి చెప్పింది" అని ఒక్కొక్కరికీ చెబుతోంది. ఎస్తేరు కాగితం పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. తల్లి ఆమెను వేలితో చూపించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.