ఏనుగు ముందు జిందాబాద్

దేవరుప్పుల పక్క ఊరికి సర్పంచ్‌గా గెలిచింది అరుంధతి. దండలు పడ్డది మాత్రం ఆమె భర్త విద్యాసాగర్ మెడలో. పంచాయతీ ఆఫీసు కుర్చీలో ఆయన కూర్చుంటాడు. ఆయన వేలు పెట్టిన చోట ఆమె సంతకం పెడుతుంది. అనుభవం వచ్చేదాకా ఇట్లే సాగాలని ఆయన ఆజ్ఞ. కుర్చీ ఎక్కనివ్వకుంటే అనుభవం ఏ దారిన వస్తుందో ఆయన సెలవివ్వలేదు.

నీళ్లకు కటకటపడే పోచమ్మ వాళ్ల వాడకు బోరు వేయిస్తానని ఓట్లనాడు అరుంధతి మాటిచ్చింది. ఆ బోరు తమ మామిడితోట పక్కన పడాలని విద్యాసాగర్ నిశ్చయం. తీర్మానం మీద ఆమె సంతకమే తరువాయి.

ఇంతలో గెలుపు సంబరమని కూతురు రుచిత ఇద్దరినీ ఆఫ్రికాలోని జాంబియాకు తీసుకుపోయింది, అడవిలో నడుస్తూ జంతువులను చూడడానికి. తుపాకి పట్టుకొని ముందు నడిచే గైడు పేరు మ్వాన్సా. అతడు చెప్పిన నియమాలను రుచిత తెలుగులో చెప్పింది. నోరు మెదపరాదు, పరుగెత్తరాదు, అతడు పిడికిలి ఎత్తితే ఎక్కడివారక్కడ ఆగాలి. విద్యాసాగర్ అప్పుడు సెల్ఫీ దిగుతున్నాడు.

"మీలో పెద్ద ఎవరు?" అన్నాడు మ్వాన్సా.

"మా అమ్మ. ఊరి సర్పంచ్."

"అయితే అమ్మగారు నా వెనుక నడవాలి."

విద్యాసాగర్ ముఖం ముడుచుకుంది. "గాయినకు తెల్వదు బిడ్డా, జర చెప్పు. మనూళ్ల నా ముంగట ఎవడన్న నడుస్తడా?"

"ఏనుగుకు నీ పేరు తెల్వదు బాపు. ఎన్కకు రా."

ఎండుగడ్డిలో కొంతదూరం పోయాక మ్వాన్సా చటుక్కున పిడికిలి ఎత్తాడు. పొద మాటున పెద్ద మగ ఏనుగు కొమ్మ విరుచుకుంటున్నది. అరుంధతి అడుగు ఆపేసింది. విద్యాసాగర్ జీవితమంతా ఊరేగింపులలో గడిచింది. ముందున్నవాడి పిడికిలి లేస్తే ఆయన గొంతు చేయవలసిన పని ఒక్కటే.

"జిందాబాద్," అన్నాడు నిండుగా.

ఏనుగు తిరిగింది. చేటంత చెవులు విప్పి దుమ్ము రేపుతూ ముందుకు వచ్చింది. మ్వాన్సా కదలలేదు. అరుంధతీ కదలలేదు. వెనుక ఎవరివో బూట్లు దడదడా దూరమయ్యాయి. ఏనుగు ఆగి ఆమెను కాసేపు చూసి, తల విదిలించి, తన దారిన పోయింది.

విద్యాసాగర్ ముళ్లపొదలో దొరికాడు.

"ఉరికినవా బాపు?" అంది రుచిత.

"ఉరుకుడేంది? ఎన్కకెళ్లి ఇంకోటి వస్తదేమోనని చూడవోయిన." తర్వాత భార్యవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఊళ్లె చెప్పకు, ఇజ్జత్ పోతది. నీకేం గావాల్నో అడుగు."

"అడిగేదేం లేదు. గది మీ ముచ్చట, నేను చెప్ప. బోరు మాత్రం పోచమ్మోళ్ల వాడల పడుతది. గ్రామసభల నేనే మాట్లాడ్త."

"నీకు అనుభవం..." అంటూ ఆయన కూతురి ముఖం చూసి, కాలి ముల్లు తీసుకోవడంలో మునిగిపోయాడు.

గ్రామసభనాటికి ఊరి మొదట ఫ్లెక్సీ వెలిసింది: ఆఫ్రికా ఏనుగును తరిమిన విద్యాసాగరన్నకు స్వాగతం. అరుంధతి దాన్ని దాటుకొని పోయి కుర్చీలో కూర్చుంది. మార్చి రాయించిన తీర్మానం తానే చదివింది. మొదటి వాక్యంలో గొంతు తడబడింది. రెండవ వాక్యంలో తడబడలేదు.

పోచమ్మ లేచి నిలబడింది. "నిజంగనే మా వాడలనేనా అమ్మా?"

"నిజంగనే. బోరుబండి రేపొస్తది పోచమ్మా. జాగ ఏడనో మీరే చూపెట్టుండ్రి."