ఎర్రదీపం వెలిగాక

ధర్మాసనం కింద ఊడ్చే పని, వాదనలు మొదలయ్యాకే పెట్టుకుంటాడు కోర్టు బంట్రోతు ఓరిన్. చీఫ్ జస్టిస్ వెర్నా టోలెఫ్సన్ పక్షపాతం లేకుండా వినడం మొదలుపెడితే కుర్చీతో సహా జానెడు పైకి లేస్తుంది. అప్పుడైతే చీపురు బాగా ఆడుతుంది.

జిల్లా జడ్జిగా ఉన్ననాటి నుంచీ అంతే. గవర్నరు ఆవిణ్ణి రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిగా వేసినా, తర్వాత జనం ఓట్లేసి ఆ పదవిలో ఉంచినా ఆ లేవడం చూసే. టైము దగ్గర మాత్రం ఆవిడ కనికరం లేని మనిషి. వకీలుకిచ్చిన అరగంట అయిపోయి ఎర్రదీపం వెలిగితే, మాట సగంలో ఉన్నా కూర్చోబెట్టేస్తుంది.

ఆ సోమవారం కుర్చీ లేవలేదు.

ఎదురుగా నిలబడ్డవాడు క్లైడ్ కిట్రిడ్జ్. వెర్నా కొత్త ప్లీడరుగా హోల్మార్ కౌంటీ కోర్టులో అడుగుపెట్టిన రోజు, "ఏమ్మాయ్, కాఫీ పట్రా" అన్నవాడు. అప్పుడు నవ్విన ప్రతివాడి పేరూ ఆవిడకి ఇప్పటికీ తెలుసు. ఇవాళ అతని లైసెన్సే విచారణకొచ్చింది. కక్షిదారు అప్పీలు గడువులోగా వెయ్యకుండానే వేశానని కోర్టుకి అబద్ధం చెప్పాడట.

"ఇవాళ ఊడవడం లేనట్టేనా అమ్మా?" గొణిగాడు ఓరిన్.

"నీ పని చూసుకో," అంది పెదాలు కదపకుండా.

కిట్రిడ్జ్ పాత తీర్పులు వల్లిస్తూ ఉండగానే ఎర్రదీపం వెలిగింది. కూర్చోబోయాడు.

వెర్నా కిందకి చూసుకుంది. బూట్లు నేలకి అంటుకునే ఉన్నాయి. ఇలా కూర్చుని ఒకడి బతుకుతెరువు తీసేస్తే, ఇన్నేళ్ల ఉద్యోగం గంగలో కలిసినట్టే.

"నిలబడండి. ఇంకా చెప్పండి."

పక్క జడ్జీలు ఉలిక్కిపడ్డారు.

"దీపం వెలిగింది, యువర్ ఆనర్."

"నాకూ కళ్లున్నాయి. ఆ తీర్పులు పక్కన పెట్టి, ఆ రోజేం జరిగిందో చెప్పండి."

"చెప్తే నవ్వుతారు." కిట్రిడ్జ్ టై సవరించుకున్నాడు. "మంచు తుఫానుకి కోర్టు మూసేశారు. కాగితాలు పట్టుకెళ్లి కోర్టు గుమాస్తా మార్తమ్మకి వాళ్ల వంటింటి కిటికీలోంచి ఇచ్చాను. మా హోల్మార్ కౌంటీలో తుఫానొస్తే ప్లీడర్లందరం అంతే. ఆవిడ ఎక్కడ పెట్టి మర్చిపోయిందో. అడుగుదామంటే ఇప్పుడు మనిషే లేదు, పోయింది."

"ఏ కిటికీ?"

"సింకు పైది. పాలసీసాల పెట్టె బోర్లించి ఎక్కాలి. కాలు జారిందా, తిన్నగా కుక్కమీద పడతాం."

ఆ కుక్క కరిచిన మచ్చ వెర్నా పిక్క మీద ఇంకా ఉంది.

కుర్చీ కదిలింది. ఆవిడకి ఇష్టమున్నా లేకపోయినా పైకి లేచింది. ఓరిన్ చీపురు అందుకున్నాడు.

లోపలి గదిలో, ఆనవాయితీ ప్రకారం అందరికంటే కొత్త జడ్జి ముందు తన అభిప్రాయం చెప్పాడు. చీఫ్ వంతు వచ్చేసరికి లైసెన్సు తీసెయ్యాలన్నవాళ్లు ముగ్గురు, వద్దన్నవాళ్లు ముగ్గురు.

"లైసెన్సు ఉండనివ్వండి," అంది వెర్నా, పళ్ల బిగువున.

తీర్పు చదివిన రోజు కిట్రిడ్జ్ మెట్ల దగ్గర కాపుకాసి చెయ్యి చాపాడు.

"పాతవన్నీ మర్చిపోయావన్నమాట, వెర్నా!"

"లైసెన్సు మీది, ఉంచాను. చెయ్యి నాది, ఇవ్వను."

రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, చకచకా మెట్లు దిగి వెళ్లిపోయింది.