పసుపు గౌను

నా కళ్లకు ఆ అలవాటు నేర్పింది నేనే. పసుపు రంగు వెతుక్కోండి, మిగతావన్నీ వదిలెయ్యండి అని.

మా ఫాంటీ జాలరుల రేవులో చేపలకు పొగబెట్టే ఆడవాళ్లకు వేరే దారి లేదు. మట్టి పొయ్యి వదిలి కదిలితే చేప మాడిపోతుంది. ఒడ్డు చూస్తే నిండా పిల్లలు. అందుకే నా పసుపు తలగుడ్డ చించి మా ఏడేళ్ల అరాబాకు గౌను కుట్టించాను. తలెత్తగానే ఆ పసుపు ఒక్కటే కనబడేది. ఎర్ర గౌన్లు, నీలం గౌన్లు కళ్లెదుటే గెంతుతున్నా నాకు లేనట్టే.

"నీవి డేగ కళ్లక్కా! మా ఎఫూవాని నేను పేరెట్టి పిలిస్తేగానీ పోల్చుకోలేను" అనేది పక్క పొయ్యి మాన్సా.

"నీ కళ్లు పిల్ల మీదుంటేగా! కెంకే ముద్దలు అమ్మేవాడి మీదుంటాయి" అనేదాన్ని. అంత పొగరు నాకు.

ఆ రోజు మంగళవారం. మంగళవారం మావాళ్లు సముద్రంలోకి పడవ దించరు. మగవాళ్లంతా ఎగువన వలలు బాగుచేసుకుంటున్నారు. నేను తలెత్తి చూశాను. పసుపు గౌను ఇసుకలో గవ్వలు ఏరుతోంది. చేపలు తిప్పి మళ్లీ చూశాను. అక్కడే ఉంది. దానికి కాస్త అవతల, అలల్లో, ఆకుపచ్చ గౌను ఒకటి చేతులెత్తింది. చూడలేదని ఒట్టు వేయలేను. చూశాను. నా పాడు కళ్లు దాన్ని పక్కకు నెట్టి పసుపు మీదే వాలాయి.

కేకలు వినబడగానే మాన్సా పరిగెత్తింది. ఆకుపచ్చ గౌను ఎఫూవాది. నేనూ వెనకే పరిగెత్తాను. పాపం మాన్సా అనుకున్నాను. నా బిడ్డ కాదు కదా అని లోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆ పాపం నేను ఎక్కడ కడుక్కోను?

నీళ్లలోంచి తెచ్చి ఇసుకలో పడుకోబెట్టారు. మొహం మీది ఇసుక తుడిస్తే మా అరాబా.

పసుపు గౌనులో ఎఫూవా నిలబడింది.

"గౌన్లు మార్చుకున్నాం పెద్దమ్మా. అమ్మ నన్ను పోల్చుకుంటుందో లేదో చూద్దామంది అరాబా."

ఎనిమిది రోజుల తర్వాత మాన్సా ఆ గౌను ఉతికి, మడత పెట్టి తెచ్చింది.

"నీ దగ్గరే ఉంచుకో అక్కా. దీన్ని నా పిల్లకి తొడగలేను."

"వద్దే. ఎఫూవాకే తొడుగు. చిరిగిపోయేదాకా తొడుగు."

"నీకు బాధ అవ్వదూ?"

"అవుతుంది. కానీ పసుపు కనబడితే ఈ వెర్రి కళ్లు అరాబా ఉందిలే అనుకుంటాయే. ఒక్క రెప్పపాటు. ఆ రెప్పపాటు నాకు కావాలి, మాన్సా."

మాన్సా నన్ను పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పసుపు గౌను ఒడ్డుకు వచ్చింది. తలెత్తి చూశాను. ఉందిలే అనుకుని చేపలు తిప్పాను. ఆ తర్వాతే గుర్తొచ్చి పొయ్యి పక్కన కూలబడ్డాను.